ఎడమ చేతి మీద త్రిపుర

జూన్ 9

చర్మం సంగతి రోజూ రాసి పెట్టమని డాక్టర్ ఫిర్దౌస్ అడిగింది. లాకుల దగ్గర ఉద్యోగం చేసినన్నాళ్లూ కాలువ నీటి మట్టం రాసిన చెయ్యే ఇది; రిటైరైనా ఆ తలుపులు ఇంకా నేనే చూస్తున్నాను. రాయడం కష్టం కాదు.

నీటి మట్టం: మామూలు. ఉప్పునీరు తలుపులకు అవతలే ఉంది.

చర్మం: బాగుంది. వాపు లేదు. రంగు మారలేదు. పుట్టుమచ్చ ఉంది.

ఆ చర్మం నాది కాదు. ఎడమ ముంజేతి మీద అరచేయంత మేర నా భార్య త్రిపురది. గేటు మోటారు పెట్టె పేలి చెయ్యి కాలినప్పుడు ఆమె తొడ మీంచి తీసి నాకు వేశారు. పోయిన ఏడు వానలు వెనకబట్టాక ఆమె చనిపోయింది. ఈ ముక్కకు ఆ కబురు అందలేదు.

జూన్ 10

పొద్దున దీపానికి వెళ్లాను. కాలనీ మొత్తం ఎప్పటిలాగే నీళ్ల ట్యాంకు ముందు నిలబడింది. మగవాళ్లు బనియన్లతో, ఆడవాళ్లు పొట్టి చేతుల జాకెట్లతో. స్తంభం మీద నీలిదీపం తన తాళంలో తాను మిణుకుమంది. మైకులో రోజూ వచ్చే గొంతే వచ్చింది.

"మీ కణాల్లో రోగాలను ఆపే కాపలా ప్రోటీన్లు నిద్రపోతున్నాయి. నీలివెలుగు పడగానే అవి గుమికూడి కబురు పంపుతాయి. వెలుగు ఆరగానే విడిపోతాయి. దయచేసి తోసుకోవద్దు."

చివరి మాట మనుషులకా, ప్రోటీన్లకా అని త్రిపుర రోజూ అడిగేది. నేను రోజూ జవాబు చెప్పకుండా ముందుకు చూసేవాణ్ని.

దీపం వెలగగానే అందరికీ ముక్కు దురద పెడుతుంది. కాపలావాళ్లు లేచినట్టు గుర్తు. పక్కింటి అచ్చాయమ్మగారు తుమ్మితే ట్యాంకు మీది కాకులు లేస్తాయి. ఈ రోజు కూడా లేచాయి.

నేను ముంజేతికి తేనెరంగు తొడుగు వేసుకునే వెళ్తాను. నీలివెలుగు దాన్ని దాటి లోపలికి రాదు. దాటితే నా కాపలావాళ్లు త్రిపురను పరాయిదనుకుని మీద పడతారు.

చర్మం: బాగుంది.

జూన్ 12

సబ్బు మార్చాను. నా చర్మానికి ఏమీ కాలేదు. ఆమె చర్మం మీద దద్దుర్లు లేచాయి. మళ్లీ శనగపిండి తెచ్చాను. ఒంటికంతా సబ్బు, ఆ అరచేయంత మేరకు శనగపిండి. తర్వాత కొబ్బరినూనె. అరవై దాటిన మగవాడు శనగపిండితో నలుగు పెట్టుకోవడం చూస్తే పాలవాడు నవ్వుతాడు. అందుకని తలుపు వేసుకుంటాను.

నీటి మట్టం: మామూలు.

జూన్ 14

అచ్చాయమ్మగారు గుత్తివంకాయ వండింది. వాసన మా వంటింటి కిటికీలోంచి వచ్చింది. పొయ్యి మీద ఆవిరి లేచేసరికి పుట్టుమచ్చ చుట్టూ ఎర్రబడింది.

ఈ సంగతి డాక్టరు కోసం వివరంగా రాస్తున్నాను. త్రిపురకు వంకాయ పడదు. పెళ్లయిన కొత్తలో మా అమ్మ వడ్డిస్తే మొహమాటానికి తిన్నది. పెదాలు వాచి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత మా ఇంట్లోకి వంకాయ రాలేదు. నాకు మాత్రం వంకాయంటే ప్రాణం. చెయ్యి కాలకముందు లాకుల క్యాంటీన్‌లో తినేవాణ్ని. తిని, నోరు పుక్కిలించి, చేతులు మూడుసార్లు కడుక్కుని ఇంటికొచ్చేవాణ్ని. అయినా గుమ్మంలోనే కనిపెట్టేది.

ఆమె పోయాక, ఇక ఇంట్లోనే వండుకోవచ్చు కదా అని ఒకసారి అనిపించింది. అలా అనిపించినందుకు తల వంచుకుని కూర్చున్నాను. తర్వాత క్యాంటీన్‌కు వెళ్లి తిన్నాను. తింటుండగానే చెయ్యి పొంగింది. బతికున్నప్పుడు ఇంటిదాకా వస్తేగాని తెలిసేది కాదు. ఇప్పుడు మొదటి ముద్దకే తెలుస్తోంది.

అచ్చాయమ్మగారికి చెయ్యి చూపించాను.

"అయ్యో, త్రిపుర ఇంట్లో ఉందని మర్చేపోయానన్నయ్యగారూ" అని కిటికీ తలుపు వేసుకుంది.

జూన్ 17

వార్డు దీపం కార్యదర్శి సుభాషిణి వచ్చింది. త్రిపుర దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే నిలబడింది. చేతిలో కాగితం.

"బాబాయిగారూ, పిన్నిగారు దీపానికి రావట్లేదండి."

చనిపోయింది కదమ్మా, పదకొండో రోజు భోజనానికి నువ్వూ వచ్చావు కదా అన్నాను.

"వచ్చానండి. అరిసెలు కూడా పట్టుకెళ్లాను. ఆ చావు నమోదు చేసింది కూడా నేనే. కానీ దీపం కన్ను ఒప్పుకోట్లేదండి."

దీపం స్తంభానికి ఒక కన్ను ఉంటుంది. ఒక్కొక్కరి కణాలకు ఒక్కో గుర్తు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో అది చూసి తేలుస్తుంది. జనవరిలో ఒక పొద్దున నా తొడుగు ఎలాస్టిక్ వదులై మణికట్టు మీదికి జారింది. చప్పున పైకి లాక్కున్నాను. ఆ కాస్త వ్యవధిలో కన్ను త్రిపురను చూసింది.

కాగితంలో ఇలా ఉంది: "మరణానంతరం హాజరైనందున సదరు వ్యక్తి మరణం రద్దు చేయడమైనది. ఆ తరువాతి గైర్హాజరుకు సంజాయిషీ ఇవ్వవలెను."

రెండుసార్లు చదివాను. మొదటి వాక్యం తప్పని నాకు తెలుసు. తప్పు వాక్యాలు చాలా చదివాను ఉద్యోగంలో. ఇలా మళ్లీ చదవాలనిపించినది ఇదొక్కటే.

ఏం చేయాలని అడిగాను. రెండు దారులున్నాయని చెప్పింది. తొడుగు లేకుండా రోజూ దీపానికి రావడం ఒకటి. చర్మం తీయించేసి, మళ్లీ మొదటినుంచి చనిపోవడం ఇంకొకటి. టీ తాగి వెళ్లమన్నాను. తాగింది.

చర్మం: బాగుంది.

జూన్ 19

డాక్టర్ ఫిర్దౌస్ పడవ మీద వచ్చింది. వేలితో నొక్కి చూసింది. ఇంత చక్కగా నిలిచిన పరాయి చర్మం తాను చూడలేదంది. పరాయి అన్న మాటకు వెంటనే నొచ్చుకుంది. ఫరవాలేదన్నాను.

చర్మం తీయించే మాట ఎత్తాను. ఒళ్లు అడగట్లేదు, ఆఫీసు అడుగుతోంది, ఆఫీసుకు నేను వైద్యం చేయను అంది. నేనూ తీయించననే చెప్పాను. ఇద్దరం కాసేపు కాలువ చూశాం.

జూన్ 22

కాలనీ సంఘం సమావేశం. విషయం: నా భార్య.

హాజరు తక్కువైన కాలనీకి దోమల మందు చివర ఇస్తారు. అందుకని అధ్యక్షుడు వీర్రాజు పిలిచాడు. వీర్రాజు కుడికాలి బొటనవేలు అతని బావమరిది సత్తిబాబుది. కాపలా నిద్రలో ఉండే కాలం కదా, జనం ఒకరి ముక్కలు ఒకరు పెట్టుకోవడం మామూలైంది. బావాబావమరుదులకు సరిహద్దు గోడ దగ్గర గొడవైంది. అప్పట్నుంచి సత్తిబాబు వేలు తిరిగి ఇమ్మంటున్నాడు. వీర్రాజు ఎండాకాలంలో కూడా బూట్లతోనే తిరుగుతాడు. అతని కూతురి పెళ్లిలో పందిరికి కట్టిన నీలి సీరియల్ లైట్లు తాళం కుదిరి మిణుకుమంటే వచ్చినవాళ్లందరికీ జ్వరం వచ్చింది. పెళ్లికొడుకు వణుకుతూనే తాళి కట్టాడు. అప్పట్నుంచి కాలనీలో నీలి బల్బులు నిషేధం. అయినా అధ్యక్షుడు అతనే.

వీర్రాజు ముందు నాకు సానుభూతి చెప్పాడు. తర్వాత, త్రిపురకు సెలవు పెట్టిస్తే పోతుంది కదా అన్నాడు. సెలవు అర్జీ మీద ఆమే సంతకం పెట్టాలని సుభాషిణి చెప్పింది. వేలిముద్ర చాలదా అని ఎవరో అడిగారు. చర్మం తొడది, వేలిది కాదు అన్నాను. అయితే పక్క వార్డుకు బదిలీ చేయించండి అన్నాడు సత్తిబాబు. కుటుంబంతో సహా వెళ్లాలట. కుటుంబం అంటే నేను.

అచ్చాయమ్మగారు చివరిదాకా చేటలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. అప్పుడు అంది:

"బతికున్నప్పుడే మీ మీటింగులకి రాలేదు ఆ మనిషి. దీపానికి మాత్రం ఎందుకొస్తుంది? వదిలెయ్యండయ్యా."

వదిలేశారు. టీ ఇచ్చారు. దోమల మందు సంగతి తేలలేదు.

జూలై 3

వాన. నీటి మట్టం: పెరుగుతోంది. ఉప్పునీటి వైపు తలుపు గట్టిగా బిగించాను.

చర్మం: వాన గాలికి ఆ మేర వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నరాలు నావే, చలి నాదే. అయినా తుండు కప్పాను.

జూలై 8

కాలువ జ్వరం వచ్చింది. దోమలవల్ల. ముందు పడవల రేవులో ఇద్దరికి. తర్వాత వీర్రాజు ఇంట్లో. రోజువారీ దీపం దీనికి చాలదు. ఒళ్లంతటా కాపలా లేచి, లేచినవాళ్లు కూర్చోకుండా ఉండాలి. దానికి పెద్ద దీపం వెలిగించాలి. వరసగా మూడు పొద్దులు, బాగా ఎండెక్కేదాకా. ఆఫీసు అనుమతి ఇచ్చిందని సుభాషిణి మైకులో చెప్పింది.

డాక్టరును స్క్రీన్ మీద పిలిచి అడిగాను. రోజువారీ దీపం పడిన చోటే పని చేస్తుంది కాబట్టి తొడుగు సరిపోతుంది. పెద్ద దీపానికి రక్తంలోని కాపలావాళ్లంతా లేచి ఒళ్లంతా తిరుగుతారు. తొడుగు ఉన్నా లాభం లేదు, లేకపోయినా తేడా లేదు.

"మరి నిలుస్తుందా?" అన్నాను.

"చెప్పలేనండీ కోటిలింగం గారూ. ఇన్నేళ్లు పక్కపక్కన ఉన్నారు. అలవాటు పడి ఉండొచ్చు. పడకపోయి ఉండొచ్చు."

జూలై 9

పెద్ద దీపం వెలగలేదు.

కాలనీ అంతా నిలబడింది. జ్వరం ఉన్నవాళ్లను మంచాలతో మోసుకొచ్చారు. నేను వెనక వరసలో, తొడుగుతో. తొడుగు ఉంటే నిలుస్తుందని డాక్టరు చెప్పలేదు. అయినా తీయలేదు. స్తంభం కన్ను అందరి మీదా తిరిగింది. మైకులో ఆ గొంతే వచ్చింది: "ఒకరు తక్కువ."

సుభాషిణి మళ్లీ మీట వేసింది. "ఒకరు తక్కువ."

ఎవరూ నావైపు చూడలేదు. అంతమంది ఒకేసారి ఒక మనిషివైపు చూడకుండా ఉండటం తేలిక కాదు. వీర్రాజు తన బూట్లు చూసుకున్నాడు. సత్తిబాబు కూడా వీర్రాజు బూట్లే చూశాడు.

సుభాషిణి పై ఆఫీసుకు ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్ చేసి ఉండటంతో అందరికీ వినపడింది. కాలనీలో ఒక్క మనిషి కాపలా లేకుండా మిగిలినా జ్వరం ఆ మనిషిలో దాక్కుని మళ్లీ వస్తుందట. అందుకే అందరూ ఉంటేగాని పెద్ద దీపం వెలగదు. చనిపోయిన మనిషి గురించి ఎలా అని సుభాషిణి అడిగింది. మా దగ్గర బతికే ఉంది, మంచం పట్టి ఉంటే మోసుకునైనా తీసుకురండి అన్నాడు అవతలివాడు.

మోసుకునే వస్తున్నాను రోజూ అన్నాను. గట్టిగా అనలేదు.

చర్మం తీయించి మరణం మళ్లీ నమోదు చేయిస్తే దీపం వెలుగుతుంది కదా అని వీర్రాజు మెల్లగా అన్నాడు. కట్ట తెగి పడవలు తిరగట్లేదు. డాక్టరు వచ్చే వీల్లేదు. ఆ మాట సుభాషిణి చెప్పింది. అందరూ మంచాలు ఎత్తుకుని వెళ్లిపోయారు.

చర్మం: బాగుంది.

జూలై 10

అచ్చాయమ్మగారి కిటికీ తెరవలేదు. తుమ్ము కూడా వినపడలేదు. వెళ్లి చూశాను. ఆమె ఒక్కతే ఉంటుంది. చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జావ కాచి తీసుకెళ్లాను. రెండు గుక్కలు తాగి, ఉప్పెక్కువైందంది.

నేను నోరు తెరవక ముందే మొదలుపెట్టింది.

"చూడండన్నయ్యగారూ. నాకోసం ఆ తొడుగు తీశారంటే ఊరుకోను. త్రిపుర నాతో ఆర్నెల్లు మాట్లాడదు."

"ఇప్పుడు మాట్లాడుతోందా?"

"మాట్లాడకపోవడమేంటి? నేను వంకాయ వండినప్పుడల్లా మిమ్మల్ని పంపించి దెబ్బలాడుతోందిగా."

నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. గ్లాసు పట్టుకోలేకపోయింది. నేనే పట్టుకున్నాను, ఎడమ చేత్తో. తొడుగు మీద ఆమె వేళ్లు కాలుతున్నాయి. ఆ చేతిని ఆమె గ్లాసుకంటే గట్టిగా పట్టుకుంది. త్రిపురను పట్టుకుందా, నన్నా అన్నది అడగలేదు.

వీళ్లిద్దరూ మా ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని నన్ను గురించి నాకే వినపడేటట్టు మాట్లాడుకునేవాళ్లు. ఆ మెట్లు చూసుకుంటూ ఇంటికొచ్చాను.

నీటి మట్టం: రాయలేదు.

జూలై 11

పొద్దున్నే లేచి ఆ మేర శనగపిండితో కడిగాను. కొబ్బరినూనె రాశాను. తలుపు వేసుకోలేదు. పాలవాడు చూశాడు. నవ్వలేదు.

తొడుగు ఇంట్లోనే వదిలేసి, అచ్చాయమ్మగారి చాప చెరో చివర సత్తిబాబు, నేను పట్టుకుని ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె నా చెయ్యి చూసి మొహం తిప్పుకుంది. "మొండి మనిషిని చేసుకుని మొండోడయ్యాడు" అని సత్తిబాబుతో చెప్పింది.

ముందు వరసలో నిలబడ్డాను. చెయ్యి ఎత్తాను. అవసరం లేదు, కన్ను కిందనుంచి కూడా చూస్తుంది. అయినా ఎత్తాను.

కన్ను తిరిగింది. నా దగ్గర రెండుసార్లు ఆగింది.

మైకు: "అందరూ హాజరు."

ఎవరో చప్పట్లు కొట్టబోయి మానేశారు. దీపం వెలిగింది. రోజులా ఆగలేదు. మిణుకుమంటూనే ఉంది. వీర్రాజు చాలాసేపు తటపటాయించి, ఎలాగూ తేడా లేదని తెలిసి, బూటు విప్పి పక్కన పెట్టాడు. సత్తిబాబు తన వేలును తొమ్మిదేళ్ల తర్వాత చూసుకున్నాడు. గోరు తీయవయ్యా కనీసం అన్నాడు.

"దయచేసి తోసుకోవద్దు" అంది మైకు. ఈసారి మా ఒంట్లో వాళ్లకే చెప్పి ఉంటుంది. అయినా జవాబు చెప్పాలనిపించింది. సరేనన్నాను.

జూలై 13

మూడు పొద్దులూ అయ్యాయి. కాలనీ అంతటికీ ఒకేసారి జ్వరం. రోగం వల్ల కాదు, కాపలా వల్ల. జావ కాచేవాళ్లు లేక అందరూ అందరి ఇళ్లకూ జావ కోసం వెళ్లారు. ఏ ఇంట్లోనూ లేదు. చివరికి సుభాషిణి గాడిపొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టి, గరిటె పట్టుకునే ఓపిక ఉన్నవాళ్లను వంతులవారీగా నిలబెట్టింది. నా వంతులో అడుగంటింది.

అచ్చాయమ్మగారు సాయంత్రం లేచి కూర్చుంది. తుమ్మింది. కాకులు లేచాయి.

చర్మం: వాచింది. ముదురు ఎరుపు. అంచుల చుట్టూ గీత. పుట్టుమచ్చ కనపడుతోంది.

జూలై 15

చెయ్యి భుజం దాకా బరువుగా ఉంది. స్క్రీన్ మీద డాక్టరుకు చూపించాను. చాలాసేపు దగ్గరగా పెట్టమంది, తిప్పమంది. తర్వాత అంది:

"ఒక విచిత్రం ఉందండి. అంచుకు ఇవతల మీ చర్మం కూడా వాచింది, చూశారా? ఆవిడ చర్మంలోనూ ఆవిడ కాపలా కణాలు కొన్ని ఉంటాయి. వాటికీ దీపం తగిలింది. అవీ లేచాయి."

"లేచి?"

"మీ మీదికి వస్తున్నాయి."

ఎవరిది పైచేయి అని అడిగాను. ఆవిడది చిన్న ముక్క, మీది నిలువెత్తు మనిషి, ఎంతోసేపు నిలవదు అంది. ఆగి, కానీ గట్టిగానే ఉందండి అంది.

స్క్రీన్ ఆపాక నా చర్మం వైపు వాపు వేలితో తడిమాను. నొప్పిగా ఉంది. పెళ్లయినప్పట్నుంచీ నాకు తెలిసిన నొప్పే.

జూలై 18

వీర్రాజు వేలు పోయింది. బావాబావమరుదులు ఇద్దరూ గోడ మీద కూర్చుని దానిని గురించి బాధపడ్డారు. కాలనీలో మరి ఎవరికీ కొత్తగా జ్వరం రాలేదు.

చర్మం: నల్లబడింది. పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పలేను.

అచ్చాయమ్మగారు పెరుగన్నం తెచ్చింది. చెయ్యివైపు చూడకుండా పళ్లెం పెట్టి, చూసి, పక్కన కూర్చుంది. నేను తిన్నంతసేపూ కొంగుతో ఈగలు తోలింది. అది నాకు కొత్త. వెళ్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

జూలై 24

పొద్దున కట్టు మారుస్తుంటే ఊడి వచ్చింది. అట్టముక్కలా తేలికగా ఉంది.

గుడ్డలో చుట్టి లాకుల దగ్గరికి తీసుకెళ్లాను. మంచినీటి వైపా, ఉప్పునీటి వైపా అని ఆలోచించాను. మొదటిసారి ఆమె అస్థికలు సముద్రంలోనే కలిపాం. ఆమెను రెండు చోట్ల ఉంచడం బాగుండదు. ఉప్పునీటి వైపు తలుపు కొంచెం ఎత్తాను. నీళ్లు తోసుకుంటూ వెళ్లాయి.

నీటి మట్టం: కొంచెం తగ్గింది. లాకుల పుస్తకంలో కారణం గడి ఖాళీగా వదిలేశాను.

జూలై 27

సుభాషిణి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. త్రిపుర మరణం మళ్లీ నమోదు చేయాలట. తేదీ ఏం వేయమంటారని అడిగింది.

అసలు తేదీ వేయమన్నాను. కుదరదంది. చివరి హాజరుకు ముందు చావును ఆఫీసు ఒప్పుకోదు. చివరి హాజరు పెద్ద దీపం మూడో పొద్దు.

"అంటే బాబాయిగారూ, పిన్నిగారు జ్వరాల్లో అందరితోపాటు వచ్చి, మూడు రోజులూ నిలబడి, ఆ తర్వాత పోయినట్టు ఉంటుందండి."

వేయమ్మా అన్నాను.

గైర్హాజరుకు సంజాయిషీ గడి ఒకటి మిగిలింది. ఏం రాయమంటారంది. నువ్వు ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నావు కదా, నీకే తెలుసు, రాయి అన్నాను. "ఎవరు పిలిచినా వెంటనే వచ్చే అలవాటు లేదు" అని రాసింది. ఆఫీసు ఒప్పుకుంది.

ఆగస్టు 5

దీపానికి వెళ్లాను. పొట్టి చేతుల చొక్కా. కన్ను నా దగ్గర ఒకసారే ఆగింది.

చర్మం: కొత్తది వస్తోంది. లేతగా, మెరుస్తూ. నాదే. సబ్బు పడుతోంది. మిగిలిన శనగపిండితో బజ్జీలు వేసుకున్నాను.

ఆగస్టు 16

నెలన్నరగా అచ్చాయమ్మగారు వంకాయ వండలేదు. ఇక వండుకోవచ్చు కదా అన్నాను. మీకెందుకని అంది. నాకేం కాదు, చెయ్యి నాదే కదా ఇప్పుడు అన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

నేనే సంతకు వెళ్లాను. లేత గుత్తివంకాయలు. ముళ్లు గుచ్చుకునేంత తాజావి. వేరుశనగపప్పు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరాను. ఈ ఇంట్లో, ఈ పొయ్యి మీద ఇది మొదటిసారి. కిటికీ తెరిచే ఉంచాను. ఆవిరి లేచినప్పుడు అలవాటుగా ముంజేతివైపు చూశాను. ఏమీ లేదు. కొత్త చర్మం ఊరికే అలా ఉంది.

పీట వాల్చుకుని కూర్చుని తిన్నాను. బాగుంది. క్యాంటీన్‌లో కంటే బాగుంది. బాగుందని చెప్పడానికి ఎవరూ లేరన్న సంగతి రెండో కాయ దగ్గర తోచింది. మూడో కాయ దగ్గర పెదాలు జివ్వుమన్నాయి.

కారం ఎక్కువైందనుకున్నాను. తర్వాత మెడ దురద పెట్టింది. తర్వాత కుడి చెయ్యి. పొట్ట. వీపు అందని చోట. లేచి అద్దంలో చూసుకున్నాను. పెదాలు వాచాయి. పెళ్లయిన కొత్తలో ఆమె మొహం నాకు గుర్తుంది. అలాగే ఉన్నాను.

డాక్టరుకు చూపించాను. ముందు మాత్ర వేసుకోమంది. వేసుకున్నాక చెప్పింది.

"ఆ మూడు రోజులూ దెబ్బలాడాయి కదా. ఆ రద్దీలో ఆవిడ కణాలు కొన్ని అంచు దాటి మీ ఒంట్లోకి వచ్చేసి ఉంటాయి. ఆవిడకు పడనిది ఏమిటో మీ వాళ్లకు చెప్పేశాయి."

ఎన్నాళ్లుంటుందని అడిగాను. కొందరికి తగ్గిపోతుంది, కొందరికి చివరిదాకా ఉంటుందట. తగ్గడానికి ఏదైనా ఉందా, కావాలంటే చూస్తానంది.

అక్కర్లేదన్నాను. పెదాలు వాచి ఉండటంతో ఆమెకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను.

గిన్నె తీసుకెళ్లి అచ్చాయమ్మగారికిచ్చాను. నా మొహం చూసి గిన్నె గట్టు మీద పెట్టింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏమో, కొంగు తీయలేదు.

"చెప్పానా, ఊరుకునే మనిషి కాదని" అంది.

ఇంటికొచ్చి నోరు పుక్కిలించాను. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచాను.

నీటి మట్టం: మామూలు.

చర్మం: నాదే. వంకాయ పడదు.